పల్లెల్లో పసిపిల్లల అతిసారం: ముప్పు వచ్చే దారులు

పసిబిడ్డకు విరేచనాలు పట్టుకున్నప్పుడు సరిహద్దు పల్లెల్లో వినవచ్చే కారణాలు తరతరాలుగా పెద్దగా మారలేదు. పళ్ళు వస్తున్నాయని కొందరు, దిష్టి తగిలిందని కొందరు, వేడి చేసిందని మరికొందరు, తల్లి తినరానిది తిన్నదని ఇంకొందరు అంటారు. కోలారు వైపు ఊళ్ళలోనైనా, తిరుత్తణి పరిసరాల్లోనైనా, బరంపురం, రాయగడ ప్రాంతాల్లోనైనా, దెగ్లూరు, సిరొంచ తాలూకాల్లోనైనా, యానాంలోనైనా తెలుగు ఇళ్ళలో ఈ మాటలు ఇంచుమించు ఒక్కటే.

పళ్ళు వచ్చే వయసుకూ విరేచనాలకూ సంబంధం లేకపోలేదు. అయితే అది పెద్దలు అనుకొనే సంబంధం కాదు. ఆరేడు నెలలకు బిడ్డ దోగాడటం మొదలుపెడుతుంది. చేతికందిన ప్రతి వస్తువునూ నోట పెట్టుకుంటుంది. తల్లిపాలకు తోడు పై తిండి ఆరంభమవుతుంది. తల్లి గర్భంలో సంక్రమించిన రక్షణ శక్తి అప్పటికి సన్నగిల్లుతుంది. ఈ నాలుగు మార్పులూ చిగుళ్ళు దురదపెట్టే కాలంలోనే కలిసి వస్తాయి. నోట పెట్టుకున్న ఆ వేలు అంతకుముందు ఏ నేలమీద పాకి వచ్చిందన్నదే అసలు ప్రశ్న. ఆరు నెలల నుంచి రెండేళ్ళ వరకు అతిసారం అధికంగా కనిపించడానికి కారణం ఇదే.

రోజుకు మూడుసార్లు గాని అంతకు మించి గాని పలుచని విరేచనాలయితే దానిని అతిసారంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచించింది. తల్లిపాలు మాత్రమే తాగే శిశువు రోజుకు పలుమార్లు మెత్తగా విరేచనం చేసుకోవడం సహజం. అది వ్యాధి కాదు. నీళ్ళవలె పోయేవి ఒక రకం. రక్తం, జిగట కలిసి వచ్చేవి రెండవ రకం. పద్నాలుగు రోజులు దాటినా తగ్గనివి మూడవ రకం. మొదటి రకంలో ఒంట్లోని నీరు, లవణాలు హరించుకుపోయి గంటల వ్యవధిలో ప్రాణం మీదికి రావచ్చు. చివరి రకం బిడ్డను మెల్లమెల్లగా కృశింపజేస్తుంది.

ప్రపంచవ్యాప్తంగా ఐదేళ్ళలోపు పిల్లల్లో ఏటా సుమారు 4 లక్షల 40 వేల మంది అతిసారం వల్ల మరణిస్తున్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో అంచనా వేసింది. మన దేశంలో 2019-21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, సర్వేకు ముందు రెండు వారాల్లో విరేచనాలయిన ఐదేళ్ళలోపు పిల్లలు నూటికి ఏడుగురికి పైగా ఉన్నారు. వారిలో ఓ.ఆర్.ఎస్. ద్రావణం అందినవారు నూటికి సుమారు 61 మంది. జింకు మందు అందినవారు 30 మంది మాత్రమే. రూపాయల్లో దొరికే మందు, ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మందు, ఇంతమంది పిల్లలకు చేరకపోవడం విచారకరం.

మలం నుంచి నోటి వరకు

పసిపిల్లల అతిసారానికి కారణమయ్యే సూక్ష్మజీవులు పలు విధాలు. కోల్‌కతా సహా ఆసియా, ఆఫ్రికా ఖండాల్లోని ఏడు కేంద్రాల్లో జరిగి 2013లో వెలువడిన ఒక బృహత్ పరిశోధన తీవ్రమైన అతిసారానికి ముఖ్యంగా నాలిగింటిని బాధ్యులుగా నిలబెట్టింది. అవి రోటా వైరస్, క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి, విషాన్ని స్రవించే ఒక జాతి ఈ-కోలి బాక్టీరియా, రక్త విరేచనాలకు మూలమైన షిగెల్లా. కలరా వీటికి తోడు; అది వచ్చినప్పుడు ఊరు ఊరంతటినీ చుట్టుకుంటుంది.

పేర్లు వేరయినా వీటి ప్రయాణం ఒకే తీరుగా ఉంటుంది. ఒకరి మలంలో బయలుదేరి మరొకరి నోటిలో ప్రవేశిస్తాయి. ఆ నడుమ నీరు, చేతులు, ఈగలు, నేల, తిండి అనే ఐదు దారులున్నాయి. ఒక దారిని మూసి తక్కిన నాలిగింటిని తెరిచి ఉంచితే వ్యాధి ఆగదు. కేవలం మంచినీటి పథకం వచ్చిన ఊళ్ళలోను, కేవలం మరుగుదొడ్లు కట్టిన ఊళ్ళలోను ఆశించిన ఫలితం కనబడకపోవడానికి మూలం ఇక్కడే ఉంది.

కుళాయి వచ్చినంత మాత్రాన

ముందుగా నీటి సంగతి. చాలా పల్లెల్లో కుళాయి నీరు రోజంతా రాదు. ఉదయం ఒక గంటో, రెండు రోజులకొకసారో వదులుతారు. నీరు ఆగిన తరువాత గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు అతుకుల వద్ద, పగుళ్ళ వద్ద చుట్టూ నిలిచిన మురుగు లోపలికి చేరుతుంది. పల్లపు వీధుల్లో ధార బాగా రావాలని గుంట తవ్వి, కుళాయిని నేలమట్టం కంటే కిందికి దించడం చాలా ఊళ్ళలో కనిపించే దృశ్యం. ఆ గుంటలో నీరు నిలుస్తుంది, కుక్కలు దిగుతాయి, వానకు వీధి మురుగు వచ్చి కలుస్తుంది. నీరు ఆగినప్పుడు ఆ గుంటలోనిదే గొట్టంలోకి వెనుకకు పోతుంది. మరునాడు తొలి ధారలో వచ్చేది అదే. అందువల్ల మొదటి ఒకటి రెండు బిందెల నీటిని తాగడానికి వాడకుండా పశువులకో, పాత్రలకో వినియోగించడం మేలు. ఈ జాగ్రత్తకు ఖర్చు లేదు.

వాగుల ఒడ్డున ఉన్న ఊళ్ళలో చెలమల నీరు తాగేవారు నేటికీ ఉన్నారు. 2007 ఆగస్టులో ఒడిశాలోని రాయగడ, కొరాపుట్, కలహండి జిల్లాల కొండ గ్రామాల్లో కలరా చెలరేగినప్పుడు వాగునీటిలోనూ, చెలమల్లోనూ వ్యాధికారక క్రిములు బయటపడ్డాయి. చెలమ నీరు ఇసుకలో ఊరి తేటగా కనిపిస్తుంది. తేటదనం శుద్ధికి గుర్తు కాదు. అదే విధంగా 2022 జులైలో గోదావరి వరద యానాం వీధుల్లోకి వచ్చింది. ఇటువంటి వరదల్లో మునిగిన బోర్లు, బావుల నీటిని క్లోరిన్ కలిపి శుద్ధి చేసేవరకు తాగరాదు. వరద తీసిన వారం పది రోజులకే అతిసారం తలెత్తడం పరిపాటి.

ఇటీవలి సంవత్సరాల్లో ఊరూరా నీటి ప్లాంట్లు వెలిశాయి. ఇరవై లీటర్ల క్యాను ఇంట్లో ఉంటే నీటి బెంగ తీరినట్లే చాలామంది భావిస్తారు. ఉప్పదనం, ఫ్లోరైడు ఉన్న ప్రాంతాల్లో ఈ నీటి ప్రయోజనం కాదనలేనిది. పావగడ, బాగేపల్లి తాలూకాల వారికి ఇది ఒకరు చెప్పవలసిన విషయం కాదు. అయితే ఈ నీటిలో క్లోరిన్ మిగలదు కనుక తరువాత చేరిన క్రిమిని చంపే శక్తి దానికి లేదు. క్యాను లోపల పాచి పట్టినా, మూత తీసి గ్లాసు ముంచినా ఆ నీరు చెడినట్లే.

నిజానికి ఇంట్లో నీరు చెడే చోటు ఎక్కువగా బిందె మూతి దగ్గరే. గొట్టం నుంచి శుభ్రంగా వచ్చిన నీరు కూడా చేతి వేళ్ళు మునిగిన చెంబుతో మలినమవుతుంది. పొడుగు కాడ ఉన్న గరిటెతో తీయడం, లేదా కుళాయి ఉన్న పాత్రలో నిల్వ చేయడం తగిన ఉపాయం. పసిబిడ్డకు ఇచ్చే నీటిని తెర్లేవరకు కాచి, మూతపెట్టి చల్లార్చి, ఆ రోజుకు ఆ రోజే వాడాలి. ఊరి ట్యాంకులో బ్లీచింగు పౌడరు కలిపే పద్ధతిలోనూ లోపాలుంటాయి. మంచి రకం పౌడరు అయితే 1000 లీటర్ల తేట నీటికి సుమారు రెండున్నర గ్రాములు చాలును. కలిపాక కనీసం అరగంట నుంచి గంటసేపు ఆగాలి. కాని మూత తెరిచి ఎండలోను, తేమలోను పడేసిన బస్తాలో పౌడరు సత్తువ నెలల్లోనే పోతుంది. సత్తువలేని తెల్లపొడిని ట్యాంకులో చల్లడం వల్ల లెక్క తీరుతుంది గాని క్రిమి చావదు. ఊరి చివరి కుళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. దీనిని చిన్న రంగు పరీక్షతో అక్కడికక్కడే చూడవచ్చు. ఆ పరీక్ష చేయించమని అడిగే హక్కు గ్రామస్థులకు ఉంది.

పూరీ ఊళ్ళు చెప్పినది, గంజాం ఊళ్ళు చెప్పినది

మరుగుదొడ్ల విషయంలో మన పొరుగున ఒడిశాలో జరిగిన పరిశోధనలు విశేషంగా చదవదగినవి. పూరీ జిల్లాలో 100 గ్రామాలను ఎంచుకొని, సగం ఊళ్ళలో మరుగుదొడ్ల నిర్మాణం చేపట్టి, సగం ఊళ్ళను పోలికకు ఉంచారు. నిర్మాణం జరిగిన ఊళ్ళలో మరుగుదొడ్డి ఉన్న ఇళ్ళు నూటికి 9 నుంచి 63కు పెరిగాయి. అయినా పిల్లల విరేచనాల్లో తగ్గుదల కానరాలేదు. ఒక పక్క నూటికి 8.8, మరో పక్క 9.1. ఫలితం 2014లో వెలువడినప్పుడు చాలామంది నివ్వెరపోయారు.

ఎందుకిలా జరిగింది? మూడోవంతుకు పైగా ఇళ్ళకు మరుగుదొడ్డి రానేలేదు. వచ్చిన ఇళ్ళలోనూ అందరూ వాడలేదు. దొడ్లో నీరు లేనప్పుడు బిందెడు నీళ్ళు మోసుకొని పోవడంకంటే చెరువుగట్టుకు పోవడమే సులువని మగవారు అటే పోయారు. అన్నింటికంటే ముఖ్యం, పసిపిల్లల మలం మరుగుదొడ్డిలోకి చేరలేదు. అదే ఒడిశా పల్లెల్లో జరిగిన మరో పరిశీలనలో, మరుగుదొడ్డి ఉన్న ఇళ్ళలో కూడా అత్యధిక భాగం పిల్లల మలాన్ని పెరట్లోనో, చెత్తకుప్పమీదనో, కాలువలోనో వేస్తున్నట్లు తేలింది.

దీనికి విరుద్ధంగా గ్రామ్ వికాస్ అనే సంస్థ అనుసరించిన మార్గం ఉంది. బరంపురం సమీపంలోని మొహుదా కేంద్రంగా 1979 నుంచి పనిచేస్తున్న ఈ సంస్థ పేరు గంజాం, గజపతి జిల్లాల తెలుగు కుటుంబాలకు కొత్త కాదు. దాని నిబంధన కఠినమైనది: ఊళ్ళో ఒక్క ఇల్లు కూడా మినహాయింపు లేకుండా అందరూ చేరాలి, అందరూ తలా కొంత సొమ్ము మూలనిధికి ఇవ్వాలి, ప్రతి ఇంటికీ మరుగుదొడ్డి, స్నానాలగది పూర్తయిన తరువాతనే నీటిని వదులుతారు. మరుగుదొడ్డిలో ఒకటి, స్నానాలగదిలో ఒకటి, వంటింట్లో ఒకటి, మొత్తం మూడు కుళాయిలు. పెద్ద కులం వీధి, చిన్న కులం వీధి అన్న తేడా చూపడానికి వీలు లేదు. ఎందుకంటే ఒక వీధి చేరకపోతే ఎవరికీ నీరు రాదు. ఈ నిబంధన గురించి ఏళ్ళ తరబడి తగవులాడిన ఊళ్ళు ఉండటంలో ఆశ్చర్యం లేదు.

ఈ పద్ధతి అమలయిన ఊళ్ళతో సహా 100 గ్రామాలను పరిశీలించి 2015లో కొందరు ఆర్థిక శాస్త్రజ్ఞులు వెలువరించిన పత్రం, చికిత్స అవసరమయిన విరేచనాలు 30 నుంచి 50 శాతం వరకు తగ్గాయనీ, ఆ మేలు ఐదేళ్ళ వరకు నిలిచిందనీ పేర్కొంది. అయితే 2019లో వచ్చిన మరొక అధ్యయనం గంజాం, గజపతి జిల్లాల్లో 90 గ్రామాలను పోల్చి, పిల్లల ఎత్తు పెరుగుదలలో మెరుగుదల ఉన్నదనీ, విరేచనాల్లో మాత్రం తేడా కనబడలేదనీ తెలిపింది. రెండు ఫలితాలూ పూర్తిగా పొసగవు. నీరు, మరుగుదొడ్డి ఇంటింటా కలిసి వచ్చినప్పుడు పిల్లల దేహానికి మేలు జరుగుతున్నదని మాత్రం రెండూ అంగీకరిస్తున్నాయి. ఆ పైన మిగిలిన ముప్పు ఇంటి లోపల, ముంగిట్లో, అంటే బిడ్డ దోగాడే చోటనే వెతకవలసి ఉంటుంది.

పసిబిడ్డ మలం మలం కాదా?

‘పాలు తాగే బిడ్డది, దానికేం దోషం’ అనే మాట ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. పెద్దల మలాన్ని అసహ్యించుకొనే ఇల్లాలే బిడ్డ మలాన్ని పాత గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను నీళ్ళ తొట్టి పక్కనే జాడిస్తుంది. చేతులు మట్టుకు నీళ్ళతో తడుపుకొని అన్నం కలుపుతుంది. వాస్తవానికి పేగుల్లో రోగక్రిములు మోసే అవకాశం పెద్దలకంటే చిన్నపిల్లల్లోనే ఎక్కువ. బిడ్డ పైకి ఆరోగ్యంగా కనిపిస్తున్నా రోటా వైరస్ వంటివి మలంతో వెలువడుతూ ఉండవచ్చు. కాబట్టి బిడ్డ మలాన్ని మరుగుదొడ్డిలోనే వేయాలి. మరుగుదొడ్డి లేకపోతే దూరంగా గోతిలో పూడ్చాలి. గుడ్డలు ఉతికిన నీరు కూడా పెరట్లో పారబోయక మరుగుదొడ్డిలోనే పోయాలి. ఈనాడు పల్లెలకూ చేరిన పారవేసే డైపర్లను చెత్తకుప్పలో పడవేస్తే కుక్కలు ఊరంతా ఈడుస్తాయి. ఇది కొత్తగా వచ్చిన ముప్పు.

ముంగిట్లో కోళ్ళు, దూడలు తిరగడం పల్లె సంసారంలో భాగం. కోడి రెట్టలో క్యాంపైలోబాక్టర్ అనే బాక్టీరియా, లేగదూడ పేడలో క్రిప్టోస్పోరిడియం ఉండే అవకాశం ఉంది. ఇవి రెండూ పసిపిల్లలకు విరేచనాలు కలిగించేవే. కోళ్ళను మానుకోమనడం పేదింటికి చెప్పదగిన మాట కాదు. రాత్రిళ్ళు గంప కింద కమ్మడం, బిడ్డను దించే చోట చాపో, గట్టి దుప్పటో పరిచి దానిని తరచుగా ఉతకడం చేయదగినవి.

సబ్బుతో చేతులు కడుక్కోవడం వల్ల విరేచనాలు సుమారు 30 శాతం తగ్గుతాయని పలు పరిశోధనలను కలిపి చూసినవారు లెక్కగట్టారు. బిడ్డకు కడిగిన తరువాత, తాము దొడ్డికి పోయి వచ్చిన తరువాత, వంటకు ముందు, బిడ్డకు తినిపించే ముందు తప్పనిసరి. మన ఇళ్ళలో అన్నం చేత్తో కలిపి, చేత్తో పెట్టేదే కనుక ఇది మనకు మరింత వర్తిస్తుంది. సబ్బు లేకుంటే బూడిద వాడవచ్చు, మట్టి వద్దు.

తిండి, పాలసీసా

ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప చుక్క నీరు కూడా అక్కర్లేదు, ఎండాకాలంలో సైతం. పుట్టగానే తేనె నాకించడం, చక్కెర నీళ్ళు పోయడం, ఆముదం పట్టడం వంటి అలవాట్లు క్రిములకు తొలి ద్వారం తెరుస్తాయి. మొదటి ఆరు నెలల్లో తల్లిపాలు అసలే అందని శిశువులకు అతిసారంతో మరణించే ముప్పు, తల్లిపాలే తాగే వారికంటే సుమారు పది రెట్లు అధికమని 2008లో ప్రచురితమైన అంతర్జాతీయ విశ్లేషణ చెబుతున్నది. పాలసీసా పీకలోని సందుల్లో చేరిన పాలజిడ్డు ఎంత కడిగినా పోదు. తల్లిపాలు చాలనప్పుడు గిన్నె, ఉగ్గుగిన్నె, చెంచాయే శ్రేయస్కరం. ఉగ్గుగిన్నె మన పూర్వులు కనిపెట్టిన వస్తువుల్లో మెచ్చదగినది. కడగడానికి దానిలో మూలలు లేవు.

పొద్దున వండిన రాగి జావ, పప్పన్నం మధ్యాహ్నం దాకా మూత లేకుండా ఉంటే వేసవిలో క్రిములు కోట్లలో పెరుగుతాయి. కూలికి పోయే తల్లికి పూట పూటకూ వండే తీరిక ఉండదన్నది వాస్తవం. అటువంటప్పుడు మిగిలిన దానిని బిడ్డకు పెట్టే ముందు పొగలు వచ్చేదాకా మరోసారి వేడిచేసి, ఆ తరువాత గోరువెచ్చగా చల్లార్చి తినిపించాలి. ఇంట్లో అక్కలకో, నాయనమ్మకో బిడ్డను అప్పగించి పోయే తల్లి ఈ మాట వారికి చెప్పి పోవాలి.

బిడ్డ ఒంటి బలమూ, టీకాలూ

బరువు తక్కువ బిడ్డకు విరేచనాలు తరచుగా వస్తాయి. విరేచనాలయిన బిడ్డ బరువు మరింత తగ్గుతుంది. ఈ రెండూ ఒకదానినొకటి పెంచుకుంటూ పోతాయి. తట్టు వచ్చి తగ్గిన తరువాతి వారాల్లో అతిసారం ప్రమాదకరంగా పరిణమిస్తుంది. అందుకే తట్టు టీకా, విటమిన్ ఏ మందు కూడా విరేచనాల నివారణలో భాగమే.

రోటా వైరస్ టీకా చరిత్రలో తెలుగునాటికి గుర్తుంచుకోదగిన పాత్ర ఉంది. 1980వ దశకం నడుమ ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో పుట్టిన శిశువుల్లో కనిపించిన ఒక సాధు రకం వైరస్ నుంచి, ఎం.కె. భాన్ తదితరుల పరిశోధనతో హైదరాబాదుకు చెందిన భారత్ బయోటెక్ సంస్థ ‘రోటావాక్’ను రూపొందించింది. దీని పరీక్షలు ఢిల్లీ, పూణేలతోపాటు చిత్తూరు జిల్లాకు పొరుగున ఉన్న వెల్లూరులోనూ జరిగాయి. మొదటి ఏడాదిలో తీవ్రమైన రోటా విరేచనాలను సగానికి పైగా అది అరికట్టగలిగింది. 2016లో ప్రభుత్వ టీకాల పట్టికలో చేరిన తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, ఒడిశా ఉన్నాయి. 2019 నాటికి అది దేశమంతటా విస్తరించింది. 6, 10, 14 వారాల వయసులో నోటి ద్వారా మూడు మోతాదులు వేస్తారు. ఈ టీకా వేయించిన బిడ్డకు ఇక విరేచనాలే రావని అనుకోరాదు; తక్కిన క్రిములకు అది అడ్డు కాదు.

సరిహద్దు కుటుంబాలకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. కాన్పు పుట్టింట ఒక రాష్ట్రంలో, కాపురం అత్తింట మరో రాష్ట్రంలో. మొదటి మోతాదు అమ్మమ్మ ఊరిలో పడుతుంది. మూడో నెలలో బిడ్డ నాయనమ్మ ఊరికి చేరేసరికి అక్కడి నర్సు జాబితాలో పేరు ఉండదు. కార్డుమీది రాత కన్నడమో, ఒడియానో, తమిళమో కావడంతో ఇంట్లో చదివేవారు ఉండరు. రెండు, మూడు మోతాదులు ఆ సందున జారిపోతాయి. పట్టిక దేశమంతటా ఒకటే కనుక కార్డు చూపితే మిగతా మోతాదులు ఏ రాష్ట్రపు ప్రభుత్వ కేంద్రంలోనైనా వేయించుకోవచ్చు. కార్డును బిడ్డ బట్టలతోపాటే మూటగట్టుకొని పోవాలి. ఏ తేదీన ఏమి వేశారో తెలుగులో ఒక కాగితంమీద రాసి అతికించుకుంటే మరీ మంచిది.

ప్రాణం పోయేది ఎక్కడ

విరేచనాలు ఆగాలని నీళ్ళు, పాలు మాన్పించడం అన్ని ముప్పులకూ మించిన ముప్పు. ‘తాగినకొద్దీ పోతుంది’ అని పెద్దవారు వారిస్తారు. క్రిమి చేయవలసిన హాని ఈ ఉపవాసం పూర్తి చేస్తుంది. ఒడిశా గిరిజన ప్రాంతాల్లో జబ్బుపడ్డ శిశువు పొట్టపై కాల్చి వాతలు పెట్టే ఆచారం కూడా నేటికీ వార్తల్లోకి వస్తూనే ఉంది.

పోయిన నీటిని నోటి ద్వారానే తిరిగి ఇవ్వవచ్చునని లోకానికి చాటినది కూడా ఒక సరిహద్దు పట్టణమే. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాల్‌లోని బొంగావ్‌కు చేరినప్పుడు కలరా ప్రబలింది. నరానికెక్కించే సెలైను సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంట సోడాలను నీటిలో కలిపి, డ్రమ్ముల్లో నింపి, రోగుల బంధువుల చేతనే తాగించారు. నూటికి 30 దాకా ఉన్న మరణాలు 4 లోపునకు దిగాయి. ఆయన 2022లో కన్నుమూశారు. మరుసటి ఏడాది ప్రభుత్వం ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించింది.

2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తున్న ఓ.ఆర్.ఎస్. పొడి లీటరుకు 20.5 గ్రాములు. దుకాణాల్లో లీటరుకు సరిపడే పెద్ద ప్యాకెట్లూ, 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్నవీ రెండూ దొరుకుతాయి. పెద్ద ప్యాకెట్టును ఒక గ్లాసు నీటిలో కలిపితే ఉప్పు మితిమీరి బిడ్డకు హాని జరుగుతుంది; చిన్నదానిని లీటరులో కలిపితే ఫలితం ఉండదు. ప్యాకెట్టు మీది భాష తెలియకపోయినా అంకెలు చూసి, మందుల దుకాణంలో అడిగి, కొలత నిర్ధారించుకోవాలి. ఒకసారి మొత్తం పొడి కలపాలి, ఇరవైనాలుగు గంటల్లో వాడాలి, మిగిలినది పారబోయాలి. రెండేళ్ళలోపు బిడ్డకు ప్రతి విరేచనం తరువాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పైబడినవారికి 100 నుంచి 200. చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మరింత నిదానంగా ఇవ్వాలి. ప్యాకెట్టు దొరకని వేళ లీటరు కాచి చల్లార్చిన నీటిలో తలగొట్టిన ఆరు చెంచాల చక్కెర, తలగొట్టిన అర చెంచా ఉప్పు కలిపి ఇవ్వవచ్చు. చెంచా అంటే ఇక్కడ టీ చెంచా. ఆరు నెలలు దాటిన పిల్లలకు గంజి, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ కూడా మంచివే. శీతల పానీయాలు వద్దు.

ఓ.ఆర్.ఎస్. అనే పేరు పెట్టుకొని అట్టపెట్టెల్లో అమ్మిన తీపి పానీయాలు చాలాకాలం తల్లిదండ్రులను తప్పుదారి పట్టించాయి. వాటిలో చక్కెర అధికం, లవణాలు తక్కువ. తాగిస్తే విరేచనాలు పెరుగుతాయి. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఎనిమిదేళ్ళపాటు సాగించిన పోరాటం తరువాత, సరైన సూత్రం లేని పానీయాలకు ఆ పేరు వాడరాదని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2025 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. ఏదైనా కొనే ముందు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదని ఉన్నదో లేదో చూడటం అవసరం.

జింకు మాత్ర ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నెలల నుంచి ఆరు నెలల వరకు 10 మిల్లీగ్రాములు, 14 రోజులపాటు ఇవ్వాలి. విరేచనాలు మూడో రోజుకే తగ్గినా మాత్రలు ఆపరాదు. తరువాతి రెండు మూడు నెలల్లో మళ్ళీ రాకుండా అవి తోడ్పడతాయి. తల్లిపాలు, మామూలు తిండి యథావిధిగా సాగాలి. విరేచనాలను బంధించే మాత్రలు పసిపిల్లలకు ప్రమాదకరం. రక్తం పడితే తప్ప, కలరా అనుమానం ఉంటే తప్ప యాంటీబయోటిక్ మందులతో పని లేదు. అదీ వైద్యుడు నిర్ణయించవలసినది.

బిడ్డ మత్తుగా పడి ఉన్నా, తాగలేకపోయినా, తాగినదంతా కక్కుతున్నా, కళ్ళు గుంటలు పడినా, నడినెత్తిన మాడు లోతుకు పోయినా, పొట్టమీది చర్మం గిల్లి వదిలితే ముడత మెల్లగా సర్దుకుంటున్నా, ఆరు గంటలపాటు మూత్రం రాకపోయినా, మలంలో రక్తం కనిపించినా ఇంట్లో ఆగరాదు. రెండు నెలల లోపు శిశువయితే ఏ లక్షణం కోసమూ వేచి ఉండకూడదు. దారి పొడవునా చెంచాతో ద్రావణం పడుతూనే తీసుకుపోవాలి. రాష్ట్రం ఏదని చూడక దగ్గరి ఆస్పత్రికే పోవాలి. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, పుదుచ్చేరి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలన్నింటా అంబులెన్సుకు 108 నంబరే. అయితే సరిహద్దు ఊళ్ళలో ఫోను పొరుగు రాష్ట్రపు టవరును పట్టుకుంటే పిలుపు అటువైపు కేంద్రానికి పోవచ్చు. అందుచేత మాట్లాడటం ఆరంభించగానే రాష్ట్రం, జిల్లా, మండలం లేదా తాలూకా, ఊరు పేర్లను ఆ వరసలోనే చెప్పాలి.